నాలుగూ ఒక్కలా కొట్టేదాకా: మోడల్ టీ ప్రాజెక్టు డైరీ

మార్చి, మొదటి వారం

బండి గరాజుకి చేరింది. 1923 ఫోర్డ్ మోడల్ టీ టూరింగ్. నల్ల రంగు, మడత టాపు, సెల్ఫ్ స్టార్టర్ లేని రకం. ఫ్యాక్టరీ దీనికి బ్యాటరీ ఇవ్వలేదు, డైనమో ఇవ్వలేదు. హెడ్‌లైట్లకు కరెంటు ఇంజిన్‌లోని మెగ్నీటో నుంచే వస్తుంది. సైడు లైట్లూ వెనక లైటూ కిరోసిన్ దీపాలు. స్టార్టింగ్ సులువు కావడానికి పాత యజమాని సీటు కింద 6 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి పెట్టుకున్నాడు, అంతే. బ్లాకు ఎడమ పక్కన గుద్దిన నంబరు కాగితాల్లో ఉన్న నంబరుతో కలిసింది. ఇలాంటి ఇంజిన్లు లక్షల్లో తయారైన హైలాండ్ పార్క్ ఫోర్డ్ ఫ్యాక్టరీ మా ఇంటికి అరగంట దూరం. డెట్రాయిట్ శివార్లలో ఉంటూ ఇన్నేళ్లు ఈ బండి కొనకుండా ఎలా ఆగానో నాకే ఆశ్చర్యంగా ఉంది.

అమ్మినవాళ్లు దాచకుండా చెప్పారు, నడుస్తుంది కానీ సుఖంగా నడవదని. నిజమే. హ్యాండిల్ కొడితే అందుకుంది. ఐడ్లింగ్‌లో కాసేపు బాగానే కొట్టి, మధ్యలో ఒక దెబ్బ మింగేస్తోంది. కాస్త రేస్ చేస్తే నేలచెక్కలు అరికాళ్లకి జివ్వుమంటున్నాయి. లో గేరు పెడల్ తొక్కగానే బండి ఒక్క కుదుపు కుదిపి ముందుకు దూకుతోంది. వెనక ఇరుసు నుంచి సన్నటి మూలుగు వినిపిస్తోంది.

ఈ ప్రాజెక్టులో పెయింటు పని లేదు, సీట్ల పని లేదు. వందేళ్ల గీతలు అలాగే ఉండనిస్తాను. బండి సాఫీగా నడవాలి, నమ్మి దూరం వెళ్లగలగాలి. పాత బండి అంటే పొగ, చప్పుడు, దారిలో ఆగిపోవడం అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. డియర్‌బోర్న్‌లోని గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ అనే ఆరుబయలు మ్యూజియంలో మోడల్ టీలు సీజనంతా సందర్శకులను ఎక్కించుకుని తిరుగుతాయి. ఒకసారి అందులో ఎక్కాను. డ్రైవరు స్టీరింగ్ కింద ఎడమ పక్క మీటను కొద్దిగా కిందికి దించాడు, అంతే, ఇంజిన్ శబ్దం ఒక్కసారిగా సర్దుకుంది. ఆ మార్పు నాకు వీపు వెనక సీటులోనే తెలిసిపోయింది. ఇంజిన్ అంటే నాకు నిజంగా ఇష్టం పుట్టింది అక్కడే. నా బండి కూడా అలా నడవాలి.

మార్చి, రెండో వారం

ముట్టుకునే ముందు కొలిచి చూడటం మంచిది. నాలుగు సిలిండర్ల కంప్రెషన్, అంటే పిస్టన్ పైకి నొక్కినప్పుడు లోపల పుట్టే ఒత్తిడి, చూశాను. నాలుగూ చదరపు అంగుళానికి 50 పౌండ్లకు కాస్త అటూఇటూ ఉన్నాయి. ఈ ఇంజిన్‌కి అది చక్కటి లెక్క, ఎందుకంటే దీని కంప్రెషన్ రేషియో సుమారు 4:1 మాత్రమే. 2.9 లీటర్ల ఇంజిన్, ఇచ్చేది 20 హార్స్‌పవర్, అదీ 1600 ఆర్‌పీఎం దగ్గర. ఇవాళ్టి 1.2 లీటర్ల చిన్న కారు దీనికి నాలుగింతలు ఇస్తుంది. కానీ ఈ బండి తీరు వేరు. గంటకు 30 మైళ్ల వేగంలో ఇంజిన్ తిరిగేది 1200 ఆర్‌పీఎం. నాలుగంగుళాల స్ట్రోకు, పెద్ద పిస్టన్లు, బరువైన ఫ్లైవీల్. అంత నెమ్మదిగా తిరిగే ఇంజిన్‌లో ఏ సిలిండర్ వెనకబడినా చెవికి, కాలికి వెంటనే తెలిసిపోతుంది. పల్లకీ మోసే నలుగురిలో ఒకడి అడుగు తప్పితే లోపల కూర్చున్నవాడికి తెలిసినట్టే.

అందుకే ఈ బండిలో సాఫీదనం అంటే నాలుగూ ఒక్కలా కొట్టడమే. బలం పెంచే పనులు నాకు అక్కర్లేదు. అల్యూమినియం పిస్టన్లు, పెద్ద కార్బురేటరు, హై కంప్రెషన్ హెడ్డు అన్నీ దొరుకుతాయి, చాలామంది వేసుకుంటారు కూడా. నేను మాత్రం తేడాలు తగ్గించే పనే చేస్తాను.

వాల్వులు కూడా చూశాను. ఫోర్డ్ ఇచ్చిన పాత వాల్వులు రెండు ముక్కలవి, ఉక్కు కాడ మీద పోత ఇనుము తల. వయసు మీద పడ్డాక ఆ తల ఊడి సిలిండర్‌లో పడితే పిస్టన్ పోతుంది. అదృష్టం, ఎవరో ఎప్పుడో ఒకే ముక్క వాల్వులు వేశారు. ఆ పని తప్పింది.

మార్చి చివర

ఇంజిన్ జోలికి పోకుండా ముందు వెనక ఇరుసు విప్పాను. మా క్లబ్బులో ఎనభై దాటిన పెద్దాయన ఒకరున్నారు. చిన్నప్పటి నుంచీ ఈ బండ్లతోనే ఉన్న మనిషి. ఆయన చెప్పిన మొదటి మాటే అది: ఇరుసు లోపల ఏముందో కళ్లతో చూడకుండా ఏ మోడల్ టీనీ రోడ్డెక్కించవద్దని.

కారణం ఇది. వెనక చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్ గేర్లకు రెండు పక్కలా, పక్క తోపుడు తట్టుకునే థ్రస్ట్ వాషర్లు ఉంటాయి. ఫోర్డ్ వాటిని బాబిట్ లోహంతో చేసింది. తగరం ఎక్కువగా ఉండే మెత్తటి లోహం అది. బేరింగులకు బాగుంటుంది. ఇక్కడ మాత్రం ఏళ్ల తరబడి తోపుడు తిని పగుళ్లిస్తుంది, పొడి అవుతుంది. వాషరు పోతే ఇరుసు మీది పెద్ద గేరు క్రౌన్ వీల్ పక్కకి జరిగి, షాఫ్టు కొసనున్న చిన్న గేరు పినియన్‌ని వదిలేస్తుంది. ఇక్కడే అసలు ప్రమాదం. ఈ బండిలో కాలి బ్రేకు చక్రాల దగ్గర పట్టదు, గేరుపెట్టె లోపలి డ్రమ్ముని పడుతుంది. ఆ పట్టు షాఫ్టు మీదుగా, పినియన్ మీదుగా చక్రాలకు చేరాలి. మధ్యలో గేరు పళ్లు వదిలేస్తే, దిగుడులో ఇంజిన్ పట్టూ ఉండదు, కాలి బ్రేకూ ఉండదు. మిగిలేది వెనక డ్రమ్ముల్లో ఇనుముని ఇనుము రుద్దే చేతి బ్రేకు.

ఇరుసు రెండు భాగాలుగా విడదీసి ట్రేలో గ్రీజు తీశాను. నల్లటి గ్రీజు రెండు వేళ్ల మధ్య రుద్దితే బూడిదరంగు రవ్వలు మెరిశాయి. ఇంకొంచెం తీస్తే గోరంత ముక్క ఒకటి బయటపడింది, ఒక అంచు గుండ్రంగా, రెండో అంచు విరిగి. ఎడమ వాషరులో మూడో వంతు లేదు. మిగిలినది చేత్తో నొక్కితే చిట్లింది. కుడి వాషరు చూడటానికి నిండుగానే ఉంది, వెలుతురులో పట్టుకుంటే వెంట్రుకవాసి పగుళ్లు అడ్డంగా కనిపించాయి. ఈ బండిలో పిల్లల్ని ఎక్కించుకుని మొన్నటిదాకా తిరిగారు.

కంచు వాషర్లు వేశాను. రెండు పక్కలా కొత్త ఇరుసు సీళ్లు, కొత్త బేరింగ్ స్లీవులు. క్రౌన్, పినియన్ పళ్లు ఇంకా బాగున్నాయి, పళ్ల లెక్క 40కి 11. బ్యాక్‌లాష్, అంటే గేరు పళ్ల మధ్య సందు, సెట్ చేసి చేత్తో తిప్పితే, ఒక పూర్తి చుట్టులో ఎక్కడా బిగుతు లేదు, ఎక్కడా వదులు లేదు. మూలుగు సంగతి రోడ్డు మీదే తేలాలి. బాబిట్ వాషర్లు ఉన్న బండి ఎవరి దగ్గరున్నా, దయచేసి రేపే విప్పండి. ఇది ట్యూనింగ్ కన్నా, అందం కన్నా ముందు చేయాల్సిన పని.

ఏప్రిల్

గేరుపెట్టె మూత తీశాను. సీటు ముందున్న నేలచెక్కలు ఎత్తితే ఆ మూత కనిపిస్తుంది.

ఈ గేరుపెట్టె గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే బండి సుఖమంతా సగం ఇక్కడే ఉంది. 1908లో ఈ మోడల్ వచ్చేనాటికి చాలా బండ్లలో గేరు మార్చడమంటే తిరిగే పళ్లచక్రాన్ని ఇంకో దానిలోకి తోయడం. కుదిరితే కుదిరినట్టు, లేకపోతే కరకరమని పళ్లు అరిగేవి. ఫోర్డ్ ప్లానెటరీ గేర్లు పెట్టాడు. పళ్లు ఎప్పుడూ కలిసే ఉంటాయి. మూడు డ్రమ్ములు, వాటి చుట్టూ మూడు బ్యాండ్లు. ఎడమ పెడల్ అడుగంటా తొక్కితే లో గేరు, సగంలో న్యూట్రల్, పూర్తిగా వదిలేస్తే టాప్ గేరు. మధ్య పెడల్ రివర్సు. కుడిది బ్రేకు. పొలం దారుల్లో మొదటిసారి బండి తోలే రైతుకి, రాత్రివేళ బయల్దేరే డాక్టరుకి ఇది ఎంత ధైర్యం ఇచ్చి ఉంటుందో ఊహించవచ్చు. 1927 దాకా కోటిన్నరకు పైగా బండ్లు అమ్ముడుపోవడంలో ధర పాత్ర పెద్దదే. 1908లో 850 డాలర్లున్న టూరింగ్ 1920ల మధ్యకి 300 లోపుకి దిగింది. కానీ చవక ఒక్కటే అయితే జనం దాన్ని అన్నేళ్లు నమ్మి ఉండేవాళ్లు కాదు.

నా బండిలో కుదుపుకి కారణం కళ్ల ముందే ఉంది. బ్యాండ్ల లోపలి లైనింగు నల్లగా మెరుస్తూ గట్టిపడిపోయింది. లైనింగు మెత్తగా, నూనె పీల్చుకుని ఉంటే డ్రమ్ముని కొద్దికొద్దిగా పడుతుంది. గట్టిపడితే పట్టీపట్టక, ఒక్కసారిగా పట్టేస్తుంది. ఇప్పుడు కెవ్లార్ అనే గట్టి కృత్రిమ నార లైనింగులు దొరుకుతాయి, చాలాకాలం వస్తాయంటారు. నేను నేసిన కాటన్ లైనింగే తీసుకున్నాను. కాలి కింద అది ఇచ్చే మెత్తదనం నాకు ముఖ్యం. దాని నూలుపోగులు ఊడి ఆయిల్ గొట్టానికి అడ్డం పడే అవకాశం ఉంది, కాబట్టి ఆయిల్ త్వరత్వరగా మారుస్తాను. రివెట్లు కొట్టే ముందు రాత్రంతా ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టాను. డ్రమ్ముల్లో పగుళ్లు లేవు.

మూత తీసే ఉంది కాబట్టి మెగ్నీటో కూడా చూశాను. ఈ ఇంజిన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇదే. ఫ్లైవీల్ ముందు ముఖం మీద వి ఆకారంలో 16 అయస్కాంతాలు బిగించి ఉంటాయి. వాటికి ఎదురుగా, కదలని చట్రం మీద 16 తీగచుట్లు. ఫ్లైవీల్ తిరిగితే కరెంటు పుడుతుంది. బెల్టు లేదు, బ్రష్షులు లేవు, విడిగా తిరిగే భాగమే లేదు. అయస్కాంతాలకూ చుట్లకూ మధ్య సందు 25 నుంచి 40 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఉండాలి. సందు పెరిగితే కరెంటు పడిపోతుంది, మరీ తగ్గితే రాసుకుంటుంది. క్రాంకు షాఫ్టుకి ముందు వెనకల ప్లే ఎక్కువైతే ఆ సందు నడుస్తుండగానే మారిపోతుంది. ముందు పుల్లీ దగ్గర డయల్ గేజ్ పెట్టి, ఇనుప పట్టీతో షాఫ్టుని ముందుకీ వెనక్కీ నెట్టి చూశాను. పది థౌ లోపలే ఉంది. సందు కూడా చుట్టూతా లెక్కలోనే ఉంది. మూత మూసేశాను. బేరింగుల జోలికి పోవాల్సిన పని లేదని తేలడం ఈ నెలలో అన్నిటికన్నా పెద్ద శుభవార్త.

ఏప్రిల్ చివర

కాయిళ్ల వంతు. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, మిస్సింగుకి, అంటే ఇంజిన్ దెబ్బ మింగడానికి, అసలు జవాబు ఇక్కడే ఉంది.

తర్వాతి కాలపు బండ్లలో కాయిల్ ఒకటే, దాని స్పార్కుని డిస్ట్రిబ్యూటరు నాలుగు ప్లగ్గులకు పంచుతుంది. మోడల్ టీలో ప్రతి సిలిండర్‌కీ ఒక కాయిల్. చిన్న చెక్కపెట్టెలో రెండు తీగచుట్లు, ఒక కెపాసిటరు, పైన కంపించే పాయింట్లు. క్యామ్ షాఫ్టు ముందు కొస మీద టైమరు అనే చిన్న స్విచ్చు తిరుగుతూ, ఎవరి వంతు వస్తే ఆ కాయిల్‌కి సర్క్యూట్ కలుపుతుంది. అప్పుడు కాయిల్‌లో కరెంటు పెరుగుతుంది, ఒక హద్దుకి చేరగానే స్ప్రింగు పట్టీని లాగి పాయింట్లు విడిపోతాయి, స్పార్కు పడుతుంది. ఆ హద్దుకి చేరడానికి పట్టే సమయం మిల్లీ సెకన్లలో ఉంటుంది. 1000 ఆర్‌పీఎం దగ్గర ఒక్క మిల్లీ సెకనులో క్రాంకు 6 డిగ్రీలు తిరిగేస్తుంది. అంటే మూడో కాయిల్ మిగతావాటికన్నా ఒక మిల్లీ సెకను ఆలస్యమైతే, ఆ సిలిండర్ టైమింగ్, అంటే స్పార్కు పడే క్షణం, 6 డిగ్రీలు వెనకబడినట్టే. స్టీరింగ్ కింది స్పార్కు మీట ఎంత జరిపినా ఆ తేడా పోదు. మీట నాలుగింటినీ కలిపి జరుపుతుంది కదా.

పెద్దాయన దగ్గర ఆ కాలపు కాయిల్ టెస్టరు ఉంది. చేత్తో తిప్పే యంత్రం. లోపల మోడల్ టీ మెగ్నీటోనే ఉంటుంది. పక్కన గుండ్రటి రింగు, దాని చుట్టూ స్పార్కులు కనిపిస్తాయి, పైన ఆంమీటరు. నా నాలుగు కాయిళ్లూ తీసుకుని వెళ్లాను.

ముందు కెపాసిటర్లు మార్చాం. పెట్టె ఒక పక్క పలక జరిపితే లోపలంతా తారు. వేడి గాలి తగిలించి, చెక్క ఉలితో నెమ్మదిగా తవ్వాలి. తీగకి ఉలి తగిలితే కాయిల్ పోయినట్టే. షెడ్డంతా రోడ్డు వేస్తున్నప్పటి వాసన. పాత కెపాసిటరు ఉండచుట్టిన కాగితం, రేకు, కరెంటు కారిపోతోంది. దాని చోట ఆధునిక ఫిల్మ్ కెపాసిటరు పెట్టి, తారు మళ్లీ కరిగించి పోశాం. చెక్క మూలల్లో పళ్లు పళ్లుగా కలిపిన అతుకులు వందేళ్లకీ విడిపోలేదు.

తర్వాత టెస్టరు మీద పెట్టి పెద్దాయన హ్యాండిల్ తిప్పుతుంటే నేను రింగు చూశాను. సరైన కాయిల్ అయితే ఒక చుట్టుకి 16 స్పార్కులు, ప్రతిదీ తన చోట, సమాన దూరంలో పడాలి. మొదటి కాయిల్‌లో నాలుగైదు చోట్ల జంట స్పార్కులు పడ్డాయి. ఒకటి సరైన చోట, ఇంకొకటి దాని వెనకే దొంగతనంగా. ఆంమీటరు ముల్లు అదురుతోంది. పాయింట్లు కొత్తవి వేసి, సందు 30 థౌ పెట్టి, కింది స్ప్రింగు టెన్షన్ తగ్గిస్తూ వచ్చాం. ముల్లు 1.3 ఆంపియర్ల దగ్గర నిలబడింది. జంటలు పోయాయి. రింగు చుట్టూ నీలం చుక్కలు వరసగా, కదలకుండా నిలిచాయి. పెద్దాయన వేగం పెంచాడు, తగ్గించాడు. చుక్కలు చెదరలేదు.

మూడో కాయిల్ మాత్రం చాలాసేపు సతాయించింది. ముల్లు 1.3 చూపిస్తోంది, అయినా వేగం పెంచితే రెండు స్పార్కులు జారిపోతున్నాయి. పై పలక కింద చిన్న కుషన్ స్ప్రింగు ఉంటుంది. అది 5 థౌ మాత్రమే కదలాలి. దీనిది బాగా ఎక్కువ కదులుతోంది. పెద్దాయన భూతద్దంలో చూస్తూ రివెట్‌ని చిన్న సుత్తితో తట్టి, ఫీలర్ గేజ్‌తో చూసి, మళ్లీ తట్టి దారికి తెచ్చాడు. ఆ వయసులో ఆ చేతి నిలకడ చూసి నాకు దండం పెట్టాలనిపించింది. మీటరు లెక్క మీదే సంతృప్తి పడకూడదు, స్పార్కుని కూడా కళ్లతో చూడాలని ఆ రాత్రి తెలిసింది.

మే

టైమరు లోపల రోలరు తిరిగే దారి గుంటలు పడి ఉంది. కాంటాక్టు పలక దగ్గరికి రాగానే రోలరు ఎగిరి పడుతోంది. కొత్త కేసు, కొత్త రోలరు వేశాను. నాలుగు తీగలూ పాతబడి పైపొర చిట్లాయి, అవీ మార్చాను. వరస జాగ్రత్తగా చూసుకోవాలి, 1-2-4-3.

స్టార్ట్ చేశాను. ఎడమ మీట పైకి నెట్టి, అంటే స్పార్కు వెనక్కి పెట్టి, హ్యాండిల్‌ని ఎడమ చేత్తో పట్టి, బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే పెట్టి, పైకి మాత్రమే లాగాలి. ఎదురు తన్నినా మణికట్టు విరగకుండా ఉండటానికి ఈ పద్ధతి. అందుకుంది. మిస్సింగ్ పోయింది. కాని ఐడ్లింగ్‌లో ఇంకా ఒక చిన్న ఊగుడు ఉంది, ముందు రెండు సిలిండర్లు కాస్త నీరసంగా ఉన్నట్టు.

రికార్డు చేసి విజయవాడలో మావయ్యకి పంపాను. ఆయన ఆటోనగర్‌లో లేతు షెడ్డు నడిపి, లారీ ఇంజిన్లు సెట్ చేసిన మనిషి. మోడల్ టీ ఎప్పుడూ విప్పలేదు. అరగంటకి ఫోన్ చేశాడు.

"ఏరా అల్లుడూ, కరెంటు పని అయిపోయింది, ఇక దాన్ని వదిలెయ్. అది గాలి పీలుస్తోంది."

"ఎక్కడ మావయ్యా?"

"నాకేం తెలుసు, బండి నీ ముందుంది. ఆయిల్ క్యాను తీసుకో. మానిఫోల్డు జాయింట్ల చుట్టూ నాలుగు చుక్కలు వెయ్. శబ్దం మారిన చోటే లీకు. పొగగొట్టం వేడిగా ఉంటుంది, చెయ్యి జాగ్రత్త."

ముందు జాయింటు దగ్గర చుక్కలు వేశానో లేదో, ఇంజిన్ ఒక్కసారి కుదురుకుంది. ఆయిల్ లోపలికి పోగానే మళ్లీ ఊగుడు. ఈ బ్లాకులో గాలి లోపలికి పోవడానికి రెండే నోళ్లు. ముందు రెండు సిలిండర్లకు ఒకటి, వెనక రెండింటికి ఒకటి. ముందు నోటి దగ్గర లీకైతే ఒకటీ రెండూ కలిసి నీరసిస్తాయి. మావయ్య ఫోన్‌లో విన్నది సరిగ్గా అదే. మానిఫోల్డు, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టం, తీసి చూస్తే కొద్దిగా వంగి ఉంది. చదును చేయించి, కొత్త రాగి రింగులు వేసి, బ్రాకెట్ నట్లు వేడి మీద ఇంకోసారి బిగించాను.

ఆ సాయంత్రం మొదటిసారి ఐడ్లింగ్ నిజంగా నిలబడింది. తర్వాత స్విచ్చుని బ్యాటరీ నుంచి మెగ్నీటోకి తిప్పాను. ఇంజిన్ తనంతట తాను ఊపిరి పోసుకుని వేగం అందుకుంది. వేగం పెంచే థ్రాటిల్ మీట ముట్టుకోలేదు. మా పాప మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టి, "నాన్నా, ఇది వణకట్లేదు" అంది. బ్యాటరీ తీగ ఊడదీసినా నడుస్తూనే ఉంది. తన కరెంటు తానే పుట్టించుకుంటూ, పంపు లేకుండా నీళ్లు తిప్పుకుంటూ, గొట్టాల్లో ఒత్తిడి లేకుండా ఆయిల్ చిమ్ముకుంటూ. పాడవడానికి ఉన్న భాగాలే తక్కువ. ఈ బండి మీద నాకున్న నమ్మకానికి మూలం అదే.

జూన్, జూలై

రోడ్డు మీద రోజులు. ఇరుసు మూలుగు పోయింది. లో గేరు పెడల్ నెమ్మదిగా తొక్కితే బండి ఎప్పుడు కదిలిందో తెలియనంత మెత్తగా కదులుతోంది. 30 మైళ్ల వేగం దీనికి ఇష్టమైన వేగం. 40 దాటించవచ్చు, కానీ మూడు బేరింగుల సన్నటి క్రాంకు షాఫ్టుకి అది బాగుండదు. హైవేలు మానేసి, పొలాల మధ్య కౌంటీ రోడ్లు పట్టుకుంటున్నాను.

నడపడంలో ఉన్న ఆనందం చెప్పాలంటే అది ఆ రెండు మీటల్లో ఉంది. కుడిది థ్రాటిల్, ఎడమది స్పార్కు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ నెమ్మదిస్తే స్పార్కు కొంచెం వెనక్కి, చదునుకి రాగానే ముందుకి. మెగ్నీటో ఒక చుట్టులో 16 సార్లు కరెంటు ఇస్తుంది కాబట్టి, స్పార్కు 22.5 డిగ్రీల మెట్లలో మారుతుంది. మీట జరుపుతుంటే కాసేపు ఏమీ మారదు, ఒక చోట టక్కున మెట్టు ఎక్కుతుంది, శబ్దం మెత్తబడుతుంది. గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌లో నేను విన్న మార్పు ఇదేనని ఇప్పుడు అర్థమైంది.

ఎండలు ముదిరాయి. నీళ్ల పంపు లేదు, వేడి నీళ్లు పైకి లేచి రేడియేటర్‌లో చల్లబడి కిందికి దిగుతాయి, అంతే. నీళ్లు పై గొట్టం దాకా నిండుగా ఉన్నంతసేపే ఈ పద్ధతి పనిచేస్తుంది. అందుకే ప్రతి ఆగుడులోనూ మూత తీసి చూడటం అలవాటు చేసుకున్నాను. స్పార్కు బాగా వెనక్కి పెట్టి నడిపితే కూడా త్వరగా మరుగుతుంది. సరిగ్గా ముందుకి పెట్టి నడిపినప్పుడు ఈ ఎండల్లోనూ మరగలేదు.

పెట్రోలు ట్యాంకు సీటు కింద ఉంది, పంపు లేదు. నిటారు ఎత్తులో ట్యాంకులో పెట్రోలు తక్కువుంటే ఇంజిన్‌కి అందదు. ఆ రోజుల్లో అలాంటి ఎత్తులు వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కేవారు. మిషిగన్‌లో మా వైపు అంత ఎత్తులు లేవు, ఆ అవసరం రాలేదు.

ఆగస్టు

సెలవులకి హైదరాబాద్ వెళ్లినప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌కి పని కట్టుకుని వెళ్లాను. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారైన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అక్కడుంది. ఆ కాలంలో సాఫీగా నడిచే బండి అంటే ప్రపంచమంతా దాని పేరే చెప్పేది. ఆరు సిలిండర్లు, 7 లీటర్ల పైచిలుకు ఇంజిన్, ఏడు బేరింగుల మీద తిరిగే క్రాంకు షాఫ్టు. 1907లో ఆ మోడల్ బండి ఒకటి 14,371 మైళ్లు యంత్రదోషంతో ఆగకుండా నడిచింది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. గొప్ప యంత్రం, సందేహం లేదు. కానీ అక్కడ సాఫీదనానికి డబ్బు ఎంతైనా పెట్టారు. మూడు బేరింగులు, నాలుగు సిలిండర్లతో, చవక ధరలో, పల్లెటూరి మనిషి సుత్తీ పానాతో సరిచేసుకునేలా ఆ సుఖంలో కొంతైనా ఇవ్వగలగడం నా దృష్టిలో అంతకన్నా కష్టమైన పని.

మన వైపు వచ్చిన మోడల్ టీల గురించి కూడా అక్కడ ఆలోచించాను. అప్పట్లో భారతదేశానికి ఫోర్డ్ బండ్లు పంపింది డెట్రాయిట్ కాదు, డెట్రాయిట్ నది అవతలున్న ఫోర్డ్ కెనడా కంపెనీ. బ్రిటన్ తప్ప మిగతా బ్రిటిష్ సామ్రాజ్య దేశాల మార్కెట్ వాళ్లదే, స్టీరింగ్ కుడి పక్క. 1926లో ఫోర్డ్ ఇండియా పెట్టింది కూడా ఆ కెనడా కంపెనీయే. మా ఊరి నుంచి ఎప్పుడైనా డౌన్‌టౌన్‌కి వెళ్తే నది అవతల విండ్సర్ కనిపిస్తుంది. మద్రాసు రేవులో దిగిన బండ్లు ఆ ఒడ్డున బయల్దేరినవే.

సెప్టెంబరు

గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌లో ఓల్డ్ కార్ ఫెస్టివల్. 1932 దాకా తయారైన బండ్లకే ప్రవేశం. ఇంటి నుంచి ట్రైలర్ ఎక్కించకుండా నడుపుకుంటూ వెళ్లాను, అదే నా పట్టుదల. ఇంజిన్ ఒక్క దెబ్బ మింగలేదు. లోపల రోజంతా ఆగుతూ కదులుతూ తిరిగాం.

అక్కడ ఒక కుర్రాడు తన బండికి వేరే బండిలోంచి తీసిన టైమరు పెట్టుకుంటూ కనిపించాడు. గీయలేదు, అరగదీయలేదు, సరిగ్గా కూర్చుంది. దీన్ని మామూలు విషయం అనుకుంటాం. 1908లో కాడిలాక్ మూడు బండ్లను ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాక్‌లో పూర్తిగా విప్పి, భాగాలు కలిపేసి, మళ్లీ బిగించి 500 మైళ్లు నడిపి చూపిస్తే దానికి డ్యూవర్ ట్రోఫీ ఇచ్చారు. అప్పటికి అది అంత పెద్ద వింత. నా కంచు వాషర్లు, రాగి రింగులు, బ్యాండ్లు ఏవీ ఆకురాయి అడగలేదు. వందేళ్ల తర్వాత కూడా కొత్త భాగం తెచ్చి పాత బోల్టుకే బిగించగలుగుతున్నామంటే, ఈ బండిని నమ్మవచ్చు అన్న మాటలో సగం బరువు ఆ కొలతలదే.

సాయంత్రం దీపాల వేళ కిరోసిన్ లైట్లు వెలిగించి మెల్లగా ఒక చుట్టు తిరిగాం. వేగం పెంచితే హెడ్‌లైట్లు తెల్లగా, తగ్గిస్తే పసుపుగా. మలుపు దగ్గర స్టీరింగ్ కొద్దిగా అటూఇటూ ఆడుతోందని గమనించాను.

సెప్టెంబరు చివర

ఆయిల్ మార్చాను. నూలుపోగులు కొద్దిగా ఉన్నాయి, అనుకున్నంత లేవు. లోహపు రవ్వలు లేవు. లో గేరు బ్యాండు పావు చుట్టు బిగించాల్సి వచ్చింది. కాయిళ్లు మళ్లీ టెస్టరు మీద పెట్టి చూశాం, మూడు 1.3 దగ్గరే నిలిచాయి, మూడోది కాస్త పైకి జరిగింది. సరిచేశాం.

స్టీరింగ్ ఆట ముందు చక్రాల కింగ్‌పిన్ (చక్రం పక్కకి తిరిగే నిలువు కడ్డీ) బుష్‌ల వల్లే. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే ఎడమది స్పష్టంగా కదులుతోంది. రెండు పక్కలా కొత్త బుష్‌లు ఎక్కించి, రెండూ ఒకే గీతలో ఉండేలా పొడవాటి రీమరుతో, అంటే రంధ్రాన్ని సరైన కొలతకి తెచ్చే పనిముట్టుతో, కోయాలి. రీమరు పెద్దాయన ఇస్తానన్నాడు. మంచు పడేలోగా ఆ పని మొదలుపెడతాను.